నా గొంతుకి మిషన్ పెట్టిన పేరు

తక్కువ మాట్లాడమని నాకు చాలామంది చెప్పారు. మిషన్ చేత చెప్పించుకోవడం మాత్రం ఆ ఎండాకాలంలోనే.

మా పాపకి అప్పుడు అయిదేళ్లు. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎంత చప్పుడైనా కదలకుండా పడుకునేది. పిడుగు పడ్డా లేవదు నా కూతురు అని మా ఆయన కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. అది నిద్ర కాదని, దానికి వినపడదని మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. పేరు మాత్రం అతుక్కుపోయింది. ఎవరైనా దాన్ని అలా పిలిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పిలవడం మాత్రం నేనూ అలాగే పిలుస్తాను.

దానికి చెవి మిషన్ పెట్టింది మా మామయ్యగారు. ఆయన ముప్ఫై నాలుగేళ్లుగా చెవి మిషన్లు చేసే కంపెనీలోనే ఉన్నారు. ఎనభై ఏళ్లనాటి కంపెనీ. ఒకప్పుడు ఏ ముసలాయన చెవి వెనక చూసినా వీళ్ల గోధుమరంగు మిషనే ఉండేదట. మామయ్యగారి పని సౌండు రూములో. గోడలకీ, తలుపుకీ, పైకప్పుకీ మెత్తలు అంటించిన చిన్న గది అది. లోపలికెళ్లి తలుపు వేసుకుంటే మన ఊపిరి మనకే పెద్దగా వినపడుతుంది.

ఆ కంపెనీలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉండేది. మిషన్ పెట్టుకునే మనిషితో రోజూ ఎక్కువగా మాట్లాడేది ఎవరో, వాళ్లు కూడా ఆ గదికి రావాలి. తల్లో, భార్యో, కొడుకో. వాళ్లని తోడు గొంతు అనేవారు. తోడు గొంతు అరగంట మాట్లాడుతూ ఉంటే, మామయ్యగారు డాక్టరు పెట్టుకునే గొట్టంలాంటిది చెవులకి తగిలించుకుని, దాని కొసకి మిషన్ బిగించి వింటారు. వింటూ వింటూ చీమ తలకాయంత మరని సన్నటి స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ తిప్పుతారు. ఆ గొంతు ఆయనకి కుదిరేదాకా మిషన్ గది దాటదు.

మా పిడుగుకి తోడు గొంతు నేనే. అరగంటసేపు ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు చెప్పాను. పన్నెండు దాకా బాగానే సాగింది. పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయాను. నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు, పదమూడో ఎక్కం నాకెప్పుడూ గట్టిగా పట్టుబడలేదు. ఆయన గొట్టం తియ్యకుండానే, "తప్పులున్నా ఫరవాలేదమ్మా, ఆగకు" అన్నారు. మా అత్తవారింట్లో నన్ను మాట్లాడమని అడిగిన మొదటి మాట అది. మళ్లీ ఆ ఎండాకాలం దాకా ఆఖరి మాట కూడా అదే.

ఆ పాత మిషన్‌తోనే పిడుగు అమ్మా అంది, నీళ్లు అంది, వద్దు అంది. వద్దు మాత్రం రోజుకి వందసార్లు అనేది.

ఇక ఆ ఎండాకాలం సంగతి. సెలవులు అయిపోయాక దాన్ని మా వీధి చివర బడిలో చేర్చాలి. వినపడని పిల్లని చేర్చుకోవడానికి పెద్ద టీచరమ్మ ఒక షరతు పెట్టింది. బడి తెరిచే ముందు రోజు తను పిల్ల వెనక నిలబడి అయిదు అడుగుతుంది. పేరు, ఇల్లు ఎక్కడ, రంగులు, ఇరవై దాకా అంకెలు, విన్న కథ ఒకటి చెప్పడం. మూడు చెబితే సీటు. చెప్పలేకపోతే ఊరికి అవతలి కొసన ఉన్న వినపడని పిల్లల బడికి పంపాలి. అది మంచి బడే అని అందరూ అంటారు. కానీ అక్కడే ఉండి చదవాలి, వారానికి ఒక్కరోజు ఇంటికి పంపుతారు. మిషన్ తీసి పక్కన పెట్టాక నా అరచెయ్యి దాని బుగ్గ మీద ఉంటేనే కళ్లు మూసే పిల్ల అది. అక్కడ ఎవరి చెయ్యి ఉంటుంది?

కాబట్టి ఆ రెండు నెలల్లో ఆ అయిదూ నేర్పాల్సింది నేను. మగవాళ్లిద్దరూ పొద్దున వెళ్తే మళ్లీ దీపాల వేళకే ఇంటికి. మాటలు నేర్పే టీచరు నాకొక్కటే చెప్పింది, నోరు మూయొద్దు అని. చేసే ప్రతి పనీ పైకి చెప్పాలట. నేను నిజంగానే నోరు మూయలేదు. ఇప్పుడు గిన్నె తీస్తున్నా, నీళ్లు పోస్తున్నా, మూత పెడుతున్నా, ఈ మూత ఎర్రది, ఆ మూత పచ్చది. గదులు ఊడుస్తూ అంకెలు చెప్పేదాన్ని, బట్టలు ఆరేస్తూ కథ చెప్పేదాన్ని. పక్కింటావిడ ఒకరోజు గోడమీంచి తొంగిచూసి, మీ ఇంట్లో రేడియోకి కట్టేసే మీట ఉండదా అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నేనూ నవ్వాను. లోపలికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను.

సాయంత్రాలు మా ఇంట్లో ఇంకో రేడియో మోగేది. మామయ్యగారూ, మా ఆయనా. మా ఆయన బజార్లో ఫోన్లు బాగుచేసే బల్ల పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో తండ్రి కంపెనీ ఎప్పుడో పోయింది. మామయ్యగారి దృష్టిలో అది మళ్లీ లేవబోతోంది. భోజనాల దగ్గర కూర్చున్నారంటే చాలు, ఇదే.

"మీ కంపెనీ పోయి పదేళ్లయింది నాన్నా. శవానికి తలదువ్వి కూర్చోబెట్టారంతే."

"నీ బల్ల మీదకొచ్చేవన్నీ నాలుగేళ్లకి ఒకసారి చచ్చేవేగా. ఎనభై ఏళ్లు బతికినదాని గురించి నీకేం తెలుసురా."

"ఎనభై ఏళ్లు బతికింది కాబట్టే ఇక చాలు."

వడ్డించేది నేను. పంతం వాళ్లది. ఆ పంతం తగిలింది మాత్రం నా కూతురి చెవికి.

వేసవి మొదట్లోనే మామయ్యగారు ఒక పెట్టె తీసుకొచ్చారు. కొత్త మిషన్. బఠాణీ గింజంత ఉంది, నున్నగా ఉంది. పక్కన చక్రం లేదు, మర లేదు, మీట లేదు. ఇంకా బజారులోకి రాలేదట. వేసవి చివర పెద్ద హాల్లో సభ పెట్టి విడుదల చేస్తారు, అదే రోజు మామయ్యగారికి రిటైర్మెంటు వీడ్కోలు కూడా. ఆ సభలో అందరికీ చూపించడానికి ఒక పిల్ల కావాలి అంటే, ఈయన మనవరాలి పేరు రాయించి వచ్చారు. నన్నొక్క మాట అడగలేదు. అడగాలని తోచి మానేస్తే వేరు. తోచనే లేదు.

దీనికి తోడు గొంతు అక్కర్లేదమ్మా, అదే అన్నీ నేర్చుకుంటుంది అన్నారు. సౌండు రూము కూడా మూసేశారట. ఆ మాట ఆయన కులాసాగానే అన్నారు గానీ, ఆ రోజు అన్నం సగంలో వదిలేశారు.

పాతది తిరిగిస్తేనే కొత్తది ఇస్తారని షరతు. పాతవన్నీ పోగుచేసి నుజ్జు చేయిస్తారట. పాతది నా దగ్గరే ఉంచండి మామయ్యగారూ, పోయిందని చెప్పండి అని బతిమాలాను. ఆయన నావైపు ఎలా చూశారంటే, దొంగతనం చేసి పెట్టమని అడిగానేమో అన్నట్టు. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన ఆ గేటు లోంచి ఒక స్క్రూ కూడా బయటికి తేలేదు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదటి రెండు వారాలు ఆ మిషన్ అద్భుతం. పిడుగు పక్క గదిలో బొమ్మలేసుకుంటూ "అమ్మా, పాలు" అని అరిచింది. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు దానికి గోడ అవతలికి వినపడింది. నాకే వినపడలేదు. కుళాయి చుక్క, దూరంగా వెళ్లే బండి, కాగితం చింపే చప్పుడు, అన్నీ వేలు పెట్టి చూపించేది. ఆ రోజు మా ఆయన కూడా నోరెత్తలేదు. మామయ్యగారు మాత్రం భోజనాల దగ్గర నాలుగుసార్లు, "పాలట, పాలు" అని తనలో తనే నవ్వుకున్నారు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఆ కంపెనీ ఎవరిదో వాళ్లకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

మూడో వారంలో పిడుగు నన్ను లెక్కచెయ్యడం మానేసింది.

అలాగే అనుకున్నాను నేను. తలుపు కొడితే తిరుగుతుంది. తాతయ్య పిలిస్తే పరిగెత్తుతుంది. పక్కింటావిడ గోడ అవతల దగ్గినా తల ఎత్తుతుంది. నేను వెనక నిలబడి గొంతు చించుకున్నా కదలదు. ముందుకొచ్చి నిలబడితే నోటివంక చూస్తుంది, నవ్వుతుంది, మళ్లీ తన బొమ్మల్లో పడిపోతుంది. రంగులు నేర్పుతుంటే దిక్కులు చూస్తుంది. పదకొండు దాకా వచ్చిన అంకెలు ఎనిమిది దగ్గర ఆగిపోయాయి. కథ అయితే అసలు ఎక్కడిదక్కడే. మొండికేసింది అని మా ఆయన అన్నాడు. నువ్వు గుక్క తిప్పుకోకుండా వాగుతూ ఉంటే ఎవరైనా చెవులు మూసుకుంటారమ్మా అని మామయ్యగారు అన్నారు. వాగుతూ అనే మాట ఆయన నోట్లోంచి అంతకుముందు రాలేదు. నేను గుర్తుపెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున వీధి గుమ్మం తీసి ఉంది. పిడుగు బంతి వెనక పరిగెత్తి రోడ్డెక్కింది. అటునుంచి సామాను బండి వస్తోంది. నేను మెట్ల మీద ఉన్నాను. ఆగు, ఆగవే అని అరిచాను. ఎంత గట్టిగా అంటే ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. అది వెనక్కి కూడా చూడలేదు. సైకిలు మీద పోతున్న ఎవరో ముసలాయన, "ఓ పాపా" అని మామూలుగా పిలిచాడు. టక్కున ఆగిపోయింది. బండి దాని ముందునుంచి పోయింది.

నేను వెళ్లి దాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి కొట్టాను. ఒక దెబ్బ కాదు. ఎందుకు వినవు, అమ్మంటే లెక్కలేదా అని అడుగుతూ కొట్టాను. అది నా నోరు ఎలా కదులుతోందో చూస్తూ ఏడ్చింది. ఎందుకు కొడుతున్నానో తెలియక ఏడ్చిందని నాకు వారం తర్వాతగానీ తెలియలేదు. నా చేతి గుర్తు దాని తొడ మీద మధ్యాహ్నం దాకా ఉంది.

ఆ తర్వాత నాకు జలుబు చేసింది. గొంతు బొంగురుపోయి కప్ప అరిచినట్టు అయింది. మంచం మీంచే, ఎవర్ని అని కాకుండా, కాసిని నీళ్లివ్వండే అన్నాను. పిడుగు అటు తిరిగి కూర్చుని ఉంది. చటుక్కున లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆ రెండు రోజులూ నా కూతురు నాకు తిరిగొచ్చింది. పిలిస్తే పలికింది. బొంగురు గొంతుతోనే అంకెలు చెప్పాను, పద్నాలుగు దాకా వెళ్లింది. మూడో రోజు జలుబు తగ్గింది. మళ్లీ నేను లేను.

నేను పెద్దగా చదువుకోలేదు గానీ, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు నొక్కి చూసుకోవడం తెలుసు. అది బొమ్మలేసుకుంటూ ఉంటే వెనక నిలబడి మామూలుగా పిలిచాను. కదల్లేదు. ముక్కు పట్టుకుని పిలిచాను. తిరిగి చూసింది. ముక్కు పట్టుకున్న నన్ను చూసి పకపకా నవ్వింది. నేను వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

మర్నాడే పిల్లని తీసుకుని కంపెనీకి వెళ్లాను. ఆ మిషన్ చేసిన ఇంజనీరమ్మాయి నాకన్నా చిన్నది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది, కళ్ల కింద నలుపు. అక్కా అంది. నా జలుబు సంగతీ, ముక్కు పట్టుకున్న సంగతీ విని, మిషన్ తీసుకుని తీగ తగిలించి, కంప్యూటరులో ఏదో తెరిచింది. తెర మీద రంగురంగుల గీతలొచ్చాయి.

"ఇవి మీ ఇంట్లో అది పక్కన పెట్టిన రొదలక్కా. ఎడతెరిపి లేకుండా మోగేదాన్ని అది రొద అనుకుని తగ్గించేస్తుంది. మిగతావి బాగా వినపడాలని. ఇది మీ ఫ్యాను. ఇది రోడ్డు."

అన్నిటికన్నా పైన ఎర్రగా, లావుగా ఒక గీత ఉంది. మా ఫ్రిజ్జు పాతది, బాగా చప్పుడు చేస్తుంది. ఇది ఫ్రిజ్జా అని అడిగాను.



"కాదక్కా. అది మీరు."

నాకు వెంటనే కోపం రాలేదు. నిజం చెప్పాలంటే మొదట సిగ్గేసింది, ఎవరి ఇంట్లోనో పిలవని పేరంటానికి వెళ్లినట్టు. కోపం ఆ పిల్ల తర్వాతి మాటకి వచ్చింది. మిషన్ తప్పేం లేదక్కా, చెయ్యమన్న పని చక్కగా చేసింది అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ అమ్మాయి ముఖంలో కొంచెం మురిపెం కూడా కనపడింది, తన పిల్ల తెలివి గురించి చెప్పే తల్లి ముఖంలాగా.

ఆపడానికి మీట లేదా అన్నాను. లేకపోవడమే కొత్తదనం అక్కా, ఎవరూ ఏమీ తిప్పక్కర్లేదు అంది. నేర్చుకున్నది తుడిచెయ్యలేవా అన్నాను. తుడిస్తే పాప చెవికి కుదిరిన కొలతలన్నీ పోతాయి, మళ్లీ మొదటినుంచీ రావాలి, పైగా సభ అయ్యేదాకా ఈ మిషన్ ముట్టుకోవద్దని పైనుంచి మాట వచ్చింది అంది. సభ తర్వాత బడి పరీక్షకి పన్నెండు రోజులే ఉన్నాయి. పాతది ఇచ్చెయ్యండి అన్నాను. అవి సౌండు రూములో డ్రమ్ముల్లో పడున్నాయి, నంబర్లు కొట్టేశారు, ఎవరిది ఏదో తెలియదు అంది.

"ఈలోపు మీరు కొంచెం తక్కువ మాట్లాడితే, అది మెల్లగా మర్చిపోతుందక్కా."

చిన్నప్పుడు తరగతిలో మాట్లాడుతున్నానని నన్ను ఎప్పుడూ గుమ్మం బయట నిలబెట్టేవారు. ఆ గుమ్మం బయటినుంచే ఒకరోజు ఇంటికి పంపేశారు, మళ్లీ లోపలికి వెళ్లలేదు. అది ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం నిన్నటిదనిపించింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మామయ్యగారు నమ్మలేదు. మిషన్ అమ్మ గొంతుని ఎందుకు మూస్తుందమ్మా, అన్ని పరీక్షలూ చేశారు, నీకు కొత్తదంటే మొదటినుంచీ పడదు అన్నారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"చెప్పానా. కంపెనీ అయిపోయింది నాన్నా. ఆఖరికి ఇంటిమీదకే తెచ్చింది."

తండ్రి మీద గెలిచాననే సంతోషం తప్ప ఆ ముఖంలో ఇంకేం లేదు. నా చేతిలో గరిటె ఉంది. దాన్ని గోడకేసి కొట్టాను.

"అది అయిపోతే మీకు పండగా? అయిపోతే రేపు దీని చెవికి ఏం పెడతారు, మీ ఫోను పెడతారా? మీకేమో అది చావాలి, మీ నాన్నగారికేమో బతకాలి. దానికి నేను వినపడాలని మీ ఇద్దర్లో ఒక్కరికైనా ఉందా?"

పిడుగు గోడ మీద పడ్డ మరకని చూసి, వేలు పెట్టి, "పచ్చ" అంది. కాదు, అది ఎర్ర. అంతకుముందు నెల దానికి ఆ మాట వచ్చు.

సభ రోజు వచ్చింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, గోడంత తెర. తెర మీద నా కూతురి చెవి, తలుపంత పెద్దగా. వెనక గదిలో ఇంజనీరమ్మాయి నా దగ్గరకొచ్చింది. వేదిక మీద పాప అటు తిరిగి నిలబడుతుంది, మీరు వెనకనుంచి పిలవాలి అంది. తర్వాత ఇంకాస్త దగ్గరకి జరిగి గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక్కసారికి కొంచెం గొంతు మార్చి పిలుస్తారా. జలుబు చేసినప్పటిలాగా."

మామయ్యగారు అక్కడే ఉన్నారు, ఇస్త్రీ చేసిన కోటు గుండీలు పెట్టుకుంటూ. ఆ మాట ఆయనకి వినపడింది. ముప్ఫై నాలుగేళ్లు వినడమే పనిగా బతికిన చెవులు అవి. నావైపు చూడలేదు. పెట్టుకున్న గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నారు.

వేదిక మీద అమ్మకాల పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. ఎనభై ఏళ్ల అనుభవం, రేపటి తెలివి అన్నాడు. మామయ్యగారికి ఒక గడియారం ఇచ్చారు. తర్వాత పిడుగుని తెరవైపు తిప్పి నిలబెట్టారు. కాగితం నలిపారు, తిరిగి చూసింది. చప్పట్లు. హాలు చివరినుంచి ఎవరో చిటికె వేశారు, తిరిగి చూసింది. ఇంకా చప్పట్లు. ఇప్పుడు అమ్మ పిలుస్తుంది అన్నాడు పెద్దాయన.

నేను ముక్కు పట్టుకోలేదు. నా గొంతుతోనే పిలిచాను. పిడుగు తెర మీది తన చెవిని చూసుకుంటోంది. మళ్లీ పిలిచాను. మూడోసారి కూడా పిలిచాను. హాల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు, దానికి తిరిగి చూసింది.

పాపకి సిగ్గు అని పెద్దాయన నవ్వేశాడు. అందరూ నవ్వారు. అంతే, వాళ్లకి అక్కడితో అయిపోయింది.

మామయ్యగారు లేచారు. గడియారం కుర్చీలో పెట్టారు. కోటు లోపలి జేబులోంచి ఆ గొట్టం తీశారు, రబ్బరు పగిలి టేపు చుట్టిన పాతది. పిడుగు ముందు వంగి, దాని చెవిలోంచి బఠాణీ గింజని మెల్లగా తీసి, గొట్టం కొసకి బిగించి, తన చెవులకి తగిలించుకున్నారు. వేదిక మీదే, అందరి ముందూ.

"మాట్లాడమ్మా."

ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. బండి సంగతి చెప్పాను. కొట్టిన సంగతి చెప్పాను. వాగుతూ అన్నారు కదా మామయ్యగారూ, అని కూడా అన్నాను. అమ్మకాల పెద్దాయన మైకు ముందు వేరే ఏదో మొదలుపెట్టాడు. మామయ్యగారు కళ్లు మూసుకుని వింటున్నారు. నా మాట ఆయన చెవిలో చిన్నదైపోతూ ఉండడం నేను ఆయన నుదుటి మీద చూశాను. గొట్టం మడిచి జేబులో పెట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వేదిక దిగారు.

సౌండు రూము తాళంచెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది, సాయంత్రం అప్పజెప్పాలి. హాలు వెనక మెట్లు దిగి, నడవా దాటి, మెత్తల తలుపు తీశారు. లోపల మూడు డ్రమ్ములు. నిండా గోధుమరంగు మిషన్లు, ఎండిన చిక్కుడు గింజల్లాగా. ఆయన కోటు విప్పి తలుపుకి తగిలించి, నేలమీద కూర్చుని, పిల్లల సైజువి ఏరడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి గుమ్మంలో ఇంజనీరమ్మాయి కనపడింది. ఇక ఈయన పని అయిపోయింది, గార్డుని పిలుస్తుంది అనుకున్నాను. వెళ్లి ఒక పెట్టె నిండా కొత్త బ్యాటరీలు తీసుకొచ్చి, తనూ చతికిలబడి ఒక్కోదానికీ వేసి ఇవ్వసాగింది.

"నీ మిషన్ తెలివైనదే అమ్మా" అన్నారు మామయ్యగారు ఆ పిల్లతో, తల ఎత్తకుండా. "పాలు పొంగితే వింది. ఎవరి గొంతు వినాలో మనం ముందు అడిగేవాళ్లం. ఈసారి అడగలేదు."

ఆ పిల్ల జుట్టులోంచి పెన్ను తీసి అరచేతి మీద ఏదో రాసుకుంది.

బడి పరీక్షలో పిడుగు నాలుగు చెప్పింది. అయిదోదానికి, "నాకు తెలుసు, చెప్పను" అంది, పెద్ద టీచరమ్మ నవ్వి సీటు రాసేసింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ కొత్త మిషన్‌కి, అది తనంతట తను గొంతులు తగ్గించెయ్యకుండా ఆపడానికి, పక్కన చిన్న మీట వచ్చింది. దాని మీద ఏమీ రాసి ఉండదు. అది ఎవరు అడిగితే పెట్టారో కంపెనీ ఎక్కడా చెప్పలేదు, నాకూ ఒక ముక్క రాయలేదు. తండ్రీకొడుకులు ఇప్పటికీ ఆ మీట పట్టుకునే పోట్లాడుకుంటారు. కంపెనీ బతికే ఉందనడానికి అదే రుజువని ఒకరు, పాతకాలపు మీట మళ్లీ అతికించారంటే బుర్ర ఖాళీ అయిందనడానికి అదే రుజువని ఒకరు. నేను వడ్డిస్తూ ఉంటాను. నా కోపం ఇద్దరి మీదా అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం మాత్రం మెత్తల గదిలో నలుగురం ఉన్నాం. నంబర్లు లేవు, గుర్తులు లేవు. మామయ్యగారు తను నా గొంతుకి తిప్పి కుదిర్చిన మరని నా గొంతుతోనే వెతకాలి. ఒక్కో మిషన్ గొట్టానికి బిగించుకోవడం, వినడం, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టడం. నేను ఎక్కాలు మొదలుపెట్టాను. రెండు, మూడు, ఏడు. నోరు ఎండిపోయి ఆగితే, ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి ఆడించేవారు, ఆగకు అని. పన్నెండు అయిపోయింది. పదమూడో ఎక్కం వచ్చింది. తప్పులు పోతున్నాయని తెలుస్తూనే ఉంది. పోనీ అనుకున్నాను.

ఎన్నోదో తెలియదు, ఒక మిషన్ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చాలాసేపు విన్నారు. గొట్టం తీసేసి, ఆ మిషన్‌ని చొక్కా అంచుతో తుడిచి, గోడవైపు తిరిగి బ్యాటరీల పెట్టెతో ఆడుకుంటున్న పిడుగు చెవికి తగిలించారు. నన్ను మాత్రం ఆపమనలేదు. పదమూడు ఎనిమిదులు నూటపది అంటున్నాను నేను.

పిడుగు భుజాలు ఎగరేసింది. ఇటు తిరగను కూడా తిరగలేదు.

"అబ్బ, అమ్మా" అంది విసుగ్గా. "ఆపు."

నేను ఆపలేదు.